గేరుబాక్సు నూనె ఆయుర్దాయము

1945లో సింగ్భూం రైలు కార్ఖానాను టాటావారు ఈస్టిండియన్ రైల్వేనుండి గ్రహించి, ఆవిరి యింజనుల నిర్మాణమునకై టెల్కో సంస్థను స్థాపించిరి. 1954లో జర్మనీదేశపు డైమ్లర్-బెంజ్ వారితో ఒడంబడిక చేసికొని లారీల నిర్మాణమునకు దిగిరి. నాటినుండి జంషెడ్‌పూరులో ఆ కార్ఖానా గోడల నంటి పెరిగిన టెల్కో కాలనీలో, గేర్ల పండ్లు కోయుటయు, వానిని కొలిమిలో కాల్చి గట్టిపరచుటయు, ఒకదానితో నొకటి చప్పుడు లేక కలియునట్లు చేయుటయు జీవనవిద్యగా గల కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. 2000లో బరువు వాహనముల గేరుబాక్సుల విభాగము హెచ్.వి. ట్రాన్స్‌మిషన్స్ అను ప్రత్యేక సంస్థగా ఏర్పడినదియు నీ యూరనే. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వలసవచ్చి యిచట స్థిరపడిన మన తెలుగువారిలోను ఆ విద్య నెఱిగినవారు కలరు. ఇట్టి యూరిలో, ఆటోమేటిక్ గేరుబాక్సులోని నూనెను ఎన్నాళ్లకొకసారి మార్చవలెనను ప్రశ్నకు నలుగురు నాలుగు సమాధానములు చెప్పుట వింతగా తోచును గాని, విచారించి చూచినచో అందు వింతయేమియు లేదు. వారి చేతిమీదుగా వెళ్లినవి క్లచ్చు త్రొక్కి చేతితో గేరు మార్చు పెట్టెలు. నేడు వారి యిండ్ల ముందు నిలిచియున్న కార్లలోనివి వేరు జాతివి.

బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము ముందు బండ్లు నిలుపుకొనుచోట ఈ విషయమున వినవచ్చు అభిప్రాయములను కూడగట్టినచో అవి ముఖ్యముగా మూడు తెగలు. ఆ నూనె బండి యున్నంతకాలము మార్చనక్కరలేనిదని కంపెనీవారే చెప్పినారు గనుక మూత విప్పుటయే తప్పనునది మొదటిది. నలుబదివేల కిలోమీటర్లకు మార్చితీరవలెననునది రెండవది. ఇది పాత అంబాసిడర్ల కాలపు మెకానిక్కులు, అమెరికాలో కొడుకులున్న తండ్రులు చెప్పుమాట. మూడవది అన్నిటికంటె గట్టిగా ప్రచారములో నున్నది. "బాబాయ్, పాతబండికి నూనె మార్పిస్తే గేరుబాక్సే పోద్దంట గదా!" అని సిక్కోలు యాసలో నన్నడిగిన పొరుగింటి కుర్రవాని కంఠములో నిజమైన భయము ధ్వనించెను. ఈ మూడింటిలో పూర్తిగా అబద్ధమైన దేదియు లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క యంత్రము విషయమున నిజమై, తరువాత తనకు చెందని యంత్రములమీదికి ప్రాకినది.

తగవు తీర్చుటకు ముందు ఆ నూనె చేయుపనిని కొంచెము నింపాదిగా చూడవలెను. ఇంజను నూనె ప్రధానముగా ఒరపిడిని తగ్గించుటకు, వేడిని మోయుటకు ఏర్పడినది. ఆటోమేటిక్ గేరుబాక్సులోని ఎఱ్ఱనూనె, అనగా వాడుకలో ఏటీఎఫ్ అనునది, అంతటితో నూరకుండదు. టార్క్ కన్వర్టరు లోపల ఇంజను శక్తిని చక్రములవైపు మోసికొనిపోవునది ఆ నూనెయే; వాల్వ్ బాడీలోని సన్నని దారులలో ఒత్తిడిగా మారి, ఏ క్లచ్చును ఎప్పుడు పట్టవలెనో ఎప్పుడు విడువవలెనో ఆ యాజ్ఞను అమలుపరచునది ఆ నూనెయే; గేర్లను, బేరింగులను తడిపి, పుట్టిన వేడిని కూలరునకు చేర్చునదియు నదియే. వీటన్నిటికంటె సున్నితమైన పని మఱియొకటి కలదు. గేరు మారునపుడు క్లచ్ ప్లేట్లు జారుచు జారుచు మెల్లగా పట్టుకొనవలెను. మరీ త్వరగా పట్టినచో కుదుపు, మరీ ఆలస్యముగా పట్టినచో కాలుడు. ఈ జారుడునకును పట్టునకును మధ్యగల తూకమును నిలుపుటకై కొన్ని రసాయనములు ఆ నూనెలో కలిపియుందురు. ఇంజనులోవలె ఇక్కడ పెట్రోలు మండుట లేదు, మసి చేరుట లేదు. అయినను నూనె ముసలిదగుటకు హేతువు ఈ రసాయనములు క్రమముగా తరిగిపోవుటయు, వేడిచే నూనె ఆక్సీకరణము చెందుటయు, గేర్ల పండ్ల నడుమ నలిగి దాని చిక్కదనము సడలుటయు, ప్లేట్లనుండి రాలిన పొడి అందు చేరుటయునే.

వీనిలో వేడియే పెద్ద శత్రువు. పాతకాలపు నూనెల విషయమున మెకానిక్కులు పాటించు ఒక స్థూలగణితము కలదు: 80 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 1,60,000 కిలోమీటర్లు మన్నెడి నూనె, ఆపైన వేడి 11 డిగ్రీలు హెచ్చిన కొలది సగము సగముగా ఆయువు కోల్పోవును. అనగా 91 డిగ్రీలవద్ద 80,000, 102 వద్ద 40,000, 113 వద్ద 20,000 కిలోమీటర్లు మాత్రమే. నేటి సింథటిక్ నూనెలు ఇంతకంటె ఓర్పుగలవి. పైగా ఒరపిడి తగ్గి ఇంధనము కలిసివచ్చుటకై నేటి గేరుబాక్సులను 90 డిగ్రీలకు పైబడియే నడచునట్లు కావలెననియే రూపొందించుచున్నారు. కనుక ఆ లెక్కను అక్షరాల నమ్మరాదు. అయినను దాని వాలు సత్యము: కిలోమీటర్ల సంఖ్యకంటె ఆ కిలోమీటర్లు ఎంత వేడిలో నడచినవనునదే నూనె ఆయువును నిర్ణయించును.

ఇచట మన యూరివారి ఊహకు విరుద్ధమైన సంగతి యొకటి బయటపడుచున్నది. ఏటికొకసారి పిల్లలతో, సామానుతో ఖరగ్‌పూరు, బాలేశ్వరము, భువనేశ్వరము, బరంపురముల మీదుగా శ్రీకాకుళము వరకు సుమారు 800 కిలోమీటర్లు కారు తోలికొనిపోవువారు, తిరిగివచ్చిన వెంటనే "దూరప్రయాణము చేసినది, నూనె మార్పింపవలెనా" యని విచారించెదరు. నిజమునకు ఆ ప్రయాణమే గేరుబాక్సునకు విశ్రాంతి. జాతీయరహదారిమీద నిలకడవేగమున పోవునపుడు టార్క్ కన్వర్టరులోని లాకప్ క్లచ్చు పట్టుకొని, ఇంజనును గేరుబాక్సును ఒక్కటిగా బిగించును. నూనెను చిలుకు పని చాల తగ్గును గనుక వేడి అంతగా పుట్టదు, ఎదురుగాలి కూలరును చల్లబరచుచుండును. షిఫ్టు వదలు వేళ కార్ఖానా గేటు వద్దను, సాక్చి బజారులోను, మాంగో వంతెనమీదను, మే నెలలో 40 డిగ్రీలు దాటిన యెండలో, అడుగడుగునకు ఆగుచు కదలుచు పోవు నాలుగైదు కిలోమీటర్లే నూనెను తినివేయునవి. అపుడు కన్వర్టరు జారుచునే యుండును, ఇంజను శక్తిలో గణనీయమైన భాగము నూనెను కాచుటకే వినియోగమగును, రేడియేటరునకు గాలి తగులదు. రాంచీ దారిలో తైమారా ఘాటీ యెక్కునపుడు బరువుతో నున్న బండికిని ఇదే గతి. ఓనర్స్ మాన్యువల్లులలో కఠినపరిస్థితులని చిన్న అక్షరములలో అచ్చువేసిన పట్టికను చదివితిరా, అందున్నవి దాదాపు ఇవియే: తఱచుగా ఆగుట, దగ్గరి ప్రయాణములు, అధికోష్ణము, దుమ్ము, కొండదారి, టాక్సీగా తిప్పుట. జంషెడ్‌పూరులో మామూలుగా బండి నడుపువానికి ఆ పట్టికలో సగము వర్తించును. విజయవాడ, హైదరాబాదు నివాసులు తాము తప్పించుకొంటిమని సంతోషింప నక్కరలేదు.

ఇక గడువులు ఎట్లు మారుచు వచ్చినవో చూతము. పెద్దయెత్తున అమ్ముడుపోయిన తొలి ఆటోమేటిక్ గేరుబాక్సు, జనరల్ మోటార్స్ వారు 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారులో పెట్టిన హైడ్రామాటిక్. దానికి మొదట ఇంజను నూనెవంటి నూనెలే వాడిరి. ప్రత్యేకముగా టైప్-ఏ అను నూనెను 1949లో నిర్దేశించిరి. ఆ కాలపు నూనెలలో జారుడు గుణముకొఱకు తిమింగిలపు కొవ్వునుండి తీసిన తైలమును కలుపుచుండిరి. 1967లో డెక్స్‌రాన్ వచ్చినది. 1970 దశకారంభమున తిమింగిల సంరక్షణకై అమెరికా ఆ తైలమును నిషేధింపగా, రసాయనశాస్త్రజ్ఞులు కొత్తపాళ్లు వెదకుకొనవలసివచ్చినది. ఆ తడబాటులో పుట్టిన డెక్స్‌రాన్-2లో తొలిరకము కూలరులోని టంకమునే తినివేయసాగినందున దానిని మఱల సవరించిరి. 1993లో డెక్స్‌రాన్-3, 2005లో డెక్స్‌రాన్-6 వచ్చినవి. తిమింగిలపు నూనె దినములలో 25,000 మైళ్ల చుట్టుప్రక్కల, అనగా మన లెక్కకు 40,000 కిలోమీటర్లకు నూనె మార్చుట పరిపాటి. డెక్స్‌రాన్-3 కాలమునకు అదే జనరల్ మోటార్స్ వారు సాధారణమైన వాడుకకు 1,00,000 మైళ్లును, కఠినమైన వాడుకకు 50,000 మైళ్లును చెప్పుచుండిరి. మన మందిరము ముందటి రెండవ తెగవారి నలుబదివేల సూత్రము ఎచ్చటినుండి వచ్చినదో ఇప్పుడు స్పష్టము. అది తప్పుగాదు, పాతబడినది. జాగ్రత్తపరునికి దానివలన నష్టము డబ్బు మాత్రమే.

మొదటి తెగవారి మాట, అనగా ఎన్నడును మార్చనక్కరలేదనునది, ఇంతకంటె చిక్కైనది. బి.ఎం.డబ్ల్యు. మొదలైన అనేక కార్లకు గేరుబాక్సులు చేసియిచ్చు జర్మనీలోని జెడ్.ఎఫ్. సంస్థనే ఉదాహరణముగా తీసికొందము. ఆ గేరుబాక్సు అమర్చిన కార్లలో కొన్నిటికి, నూనె జీవితాంతము నిలుచునని కారు అమ్మినవారు చెప్పుచుండగా, ఆ గేరుబాక్సును చేసిన జెడ్.ఎఫ్. వారే 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్లలోపున గాని, ఎనిమిదేండ్లకు గాని మార్పింపుడని సలహా యిచ్చుచున్నారు. హ్యుందాయ్ వారు ఆరుగేర్ల ఆటోమేటిక్కునకు సాధారణముగా పరీక్షయే అక్కరలేదని వ్రాసి, అదే పుస్తకములో కఠినపరిస్థితులకు సుమారు లక్ష కిలోమీటర్ల గడువును పెట్టిరి. కారు అమ్మువానికి వారంటీ తీరువరకు గేరుబాక్సు చెడకుండుట చాలును. నిర్వహణవ్యయము తక్కువగా కనబడుట వానికి లాభము కూడ. పదిపన్నెండేండ్లు అదే కారును వాడి, పిమ్మట మేనల్లునికో అల్లునికో యిచ్చు మన కుటుంబముల లెక్క వేరు. నాకు కారు అమ్మినవాని మాటకంటె గేరుబాక్సు చేసినవాని మాటయే ప్రమాణము.

అసలు ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి, మన కాలనీలో చాలమంది అడుగక విడుచుచున్నది: మీ బండిలోనిది ఏ జాతి ఆటోమేటిక్? 2014లో మారుతి సెలెరియోతో మన దేశమున ప్రవేశించి, ఆ యేటనే టాటావారి జెస్ట్‌లోను, 2015లో నానోలోను, పిమ్మట టియాగో, నెక్సాన్‌లలోను వచ్చిన ఏ.ఎం.టి. అనునది నిజమునకు మామూలు చేతిగేరు పెట్టెయే. క్లచ్చు త్రొక్కు కాలి పనిని, గేరు కదపు చేతి పనిని ఒక యంత్రము చేయును, అంతే. అందులో పోయవలసినది గేర్ ఆయిల్. గేరు కదపు యంత్రమునకు వేరే కొద్దిపాటి హైడ్రాలిక్ నూనె యుండును. ఈ బండికి ఎఱ్ఱనూనె ఎప్పుడు మార్చవలెనని విచారపడుట వ్యర్థము. 2020లో హారియరుకు వచ్చిన ఆరుగేర్ల పెట్టె టార్క్ కన్వర్టరు జాతిది, పైని చర్చయంతయు దానికి వర్తించును. 2022 నాటి ఆల్ట్రోజ్ డీ.సీ.ఏ. తడిక్లచ్చులు గల డ్యూయల్ క్లచ్. వీనిలో క్లచ్చుల పొడి నేరుగా గేర్ల నూనెలోనికే చేరును గనుక శ్రద్ధ హెచ్చుగా కావలెను. ఫోక్స్‌వాగన్ వారు తమ ఆరుగేర్ల తడిక్లచ్ పెట్టెకు 60,000 కిలోమీటర్ల గడువును ఖచ్చితముగానే విధించిరి. ఉక్కుపట్టీ రెండు కప్పీల నడుమ తిరుగు సీ.వీ.టీ.ల నూనె మఱియొక తీరుది. ఉక్కును ఉక్కు జారకుండ పట్టుకొనవలసిన చోట మామూలు ఏటీఎఫ్ పోసినచో ఆ పట్టీ గీతలుపడి గేరుబాక్సు మొత్తము మార్పింపవలసివచ్చును.

నూనె విషయమున కంపెనీవారును ఎంత పొరపడగలరో తెలుపు ఉదంతమొకటి కలదు. పొడిక్లచ్చులు గల ఏడుగేర్ల పెట్టెలలో తాము పోసిన సింథటిక్ నూనె వలన విద్యుత్ భాగములు చెడుచున్నవని, ముఖ్యముగా ఉక్కపోతగల ఉష్ణదేశములలో ఆ బాధ హెచ్చనియు గ్రహించి, 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ వారు ప్రపంచమంతట సుమారు 16 లక్షల బండ్లను వెనుకకు పిలిచి మినరల్ నూనె పోయుటకు పూనుకొనిరి. ఖరీదైన నూనె మేలైనదనియు, చౌకది తక్కువదనియు అనుకొనువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఇక పొరుగింటి కుర్రవాని భయమునకు వత్తము. పాతనూనె తీయగానే గేరుబాక్సు చెడుటను చూచినవారు కలరు. వారు కల్లలాడుట లేదు. గేర్లు జారుట, కుదుపు, వెనుకగేరు ఆలస్యముగా పడుట మొదలైన జబ్బులు పుట్టిన పిమ్మటనే మన వారు నూనె మార్పింప పోవుదురు. అప్పటికే ప్లేట్ల పైపూత అరిగిపోయి, పాతనూనెలో తేలియాడు ఆ పొడి యొరపిడియే కొంత పట్టును సమకూర్చుచుండును. కొత్తనూనె ఆ పొడిని కడిగివేసినపుడు దాగియున్న అరుగుదల బయటపడును. నిందపడినది నూనెమీద; దోషము దానికి పూర్వపు లక్షకిలోమీటర్ల అశ్రద్ధది. దీనికితోడు ఒత్తిడితో కడుగు ఫ్లషింగు యంత్రములు అడుగున పేరుకొన్న మడ్డిని లేపి వాల్వ్ బాడీ దారులలో చొప్పించుట కలదు; ఈ పద్ధతిని కొన్ని కంపెనీలే వలదనుచున్నవి.

మెల్లమెల్లగా మార్చుటయే శ్రేయస్కరము, దానిలో అంకగణితము కూడ మనకు తోడ్పడును. గేరుబాక్సులో మొత్తము 8 లీటర్లు పట్టుననుకొందము. డ్రెయిన్ నట్టు విప్పినపుడు అడుగుచాంబరులోనిది సుమారు 3.2 లీటర్లే బయటికి వచ్చును. తక్కినది కన్వర్టరులోను కూలరులోను నిలిచిపోవును. కనుక ఒక్కసారి మార్చుటవలన కొత్తనూనె పాలు నూటికి 40 మాత్రమే, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మఱల మార్చినచో 64, మూడవమారు 78. రెండుమార్లకే చాల మేలు చేకూరును. ఆ పని జరుగునపుడు యజమాని దగ్గర నిలిచి చూడదగినది చాంబరు విప్పినపుడు కనబడు అయస్కాంతములు. వానిమీద కాటుకవలె మెత్తని బూడిదరంగు ముద్ద పట్టియున్నచో అది సహజమైన అరుగుదల, తుడిచివేసి మఱల బిగింపవచ్చును. వ్రేళ్లమధ్య గరగరలాడు రజను గాని, మెరయు తునకలు గాని, కాలిన ప్లేటు చీలికలు గాని తగిలినచో ఇక నూనెగురించి మాట్లాడుట కాలహరణము. రంగు మాత్రము నమ్మదగిన సాక్షి కాదు: ఎఱుపు గుర్తుపట్టుటకు వేసిన అద్దకమే గాని గుణము కాదు, కొన్ని కొత్తనూనెలు కొద్దికాలములోనే గోధుమవన్నెకు తిరిగియు చక్కగా పనిచేయును. మాడిన వాసన అంతకంటె నిక్కమైన సాక్ష్యము.

నింపునపుడు జరుగు పొరపాటులు నూనె మార్చకపోవుటకంటె ప్రమాదకరములు. నేటి గేరుబాక్సులలో పెక్కింటికి డిప్ స్టిక్కు లేదు. ఇంజను నడచుచుండగా, బండి సమతలముగా నిలిచియుండగా, నూనె నిర్దిష్టమైన వేడికి, ప్రాయికముగా 40 డిగ్రీల చుట్టుప్రక్కలకు, చేరినపుడు మట్టపు నట్టు విప్పి, అందుండి నూనె సన్నగా కారువరకు నింపవలెను. వేడెక్కినకొలది నూనె ఉబ్బును గనుక, కొలత తప్పిన వేళ నింపినది తక్కువో ఎక్కువో అగును. తీసినంత పోసితిమి చాలునను మెకానిక్కు వద్ద, ఆ తీసినది మొదటే తక్కువగా నుండినదేమో తెలియునా? లారీలకు బస్సులకు చేయు అలిసన్ వంటి బరువుగేరుబాక్సులలో కంప్యూటరే వేడిని, బరువును లెక్కగట్టి నూనె మార్చుకాలము వచ్చినదని తెలుపు ఏర్పాటు వచ్చియున్నది. అట్టిది చౌకకార్లకును వచ్చినచో ఈ వ్యాసములో సగము అనవసరమగును.

అంతవరకు, ఈ యూరి ఎండను, రద్దీని దృష్టియందుంచుకొని నా నిర్ణయమిది. టార్క్ కన్వర్టరు బండికి 60,000 కిలోమీటర్లకో, ఐదేండ్లకో, ఏది ముందైన దానికి, ఫిల్టరు విడిగా వచ్చునదైన ఫిల్టరుతో సహా, తడిక్లచ్చులకును, సీ.వీ.టీ.కిని పుస్తకము అంతకంటె తక్కువ చెప్పినచో అదియే, ఎక్కువ చెప్పినను 60,000 దాటక, ఏ.ఎం.టి.కి మాత్రము పుస్తకములోని గేర్ ఆయిల్ గడువు చాలును. టార్క్ కన్వర్టరు బండితో ఎక్కువగా భువనేశ్వరపు రహదారిమీదనే తిరుగువారు లక్షవరకు నిశ్చింతగా నుండవచ్చును. సెకండ్‌హ్యాండు బండి కొని, వెనుకటి సర్వీసు వివరములు దొరకనివారు, గేర్లు సాఫీగా పడుచున్నంతవరకు పైని చెప్పిన రీతిని రెండు విడతలుగా మార్పించి, అచ్చటినుండి కొత్త లెక్క మొదలుపెట్టుకొనవలెను. గేర్లు ఇదివరకే జారుచున్నచో నూనెకు పెట్టుసొమ్మును మిగుల్చుకొని మరమ్మతునకు దాచుకొనుట మేలు. ఏ సందర్భమున నైనను బిల్లుమీద వట్టి గేరునూనె యని వ్రాయనీయక, పోసిన నూనె ఏ ప్రమాణమునకు చెందినదో దాని పేరు, ఎన్ని లీటర్లు, బండి నడచిన కిలోమీటర్లు స్పష్టముగా వ్రాయించుకొనవలెను. తరువాత ఆ బండిని విప్పు మెకానిక్కునకు అక్కఱకు వచ్చునది ఆ మూడు వివరములే.